అక్క పేరు మీద

"మీ ఆవిడకి దెబ్బ తగిలింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాం, వెంటనే రండి" అని గోదాం నుంచి ఫోన్ వచ్చేసరికి, ఆయన ఆవిడ ఆయన ఎదురుగానే నేల మీద కూర్చుని పాపకి అన్నం తినిపిస్తోంది.

ఆయన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఆమె వంక చూశాడు. ఏదో అడగబోయి ఆగిపోయాడు. "సరే, వస్తున్నాను" అని ఇక్కడి భాషలో అన్నాడు.

"ఎవరు?"

"గోదాం వాళ్ళు. నీకు దెబ్బ తగిలిందట."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాప నోరు తెరుచుకుని చూస్తోంది.

"పిచ్చుకకా?"

ఆయన తల ఊపాడు.

పిచ్చుక ఆమె చెల్లెలు. ఒకచోట నిలవదు, ఎంత తిన్నా ఒళ్ళు పట్టదు, అందుకని చిన్నప్పుడే ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరది. అసలు పేరు ఒకటుంది గానీ, ఎనిమిది నెలలుగా ఈ ఊళ్ళో దాంతో ఎవరికీ పనిపడలేదు. పొద్దున్న ఆరింటికి అక్క గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకుని గోదాం గేటు దాటిన దగ్గర్నుంచి, మధ్యాహ్నం మూడింటికి బయటికొచ్చేదాకా ఆమెది అక్క పేరే.

ఒక్క వారం అనుకున్నారు. కాన్పుకి కడుపు కోశాక అక్కకి నడుం నిలబడలేదు. సెలవు అయిపోయింది. ఉద్యోగం పోతే దాని మీద వేలాడుతున్న, ఈ దేశంలో ఉండటానికి ముగ్గురికీ ఇచ్చిన పర్మిట్లూ పోతాయి. కాన్పు సాయానికని చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు, "మన మొహాలు ఒకటే కదక్కా, ఫోటోలో నువ్వు టోపీ కూడా పెట్టుకున్నావు, ఎవడు చూస్తాడు" అని తనే బూట్లు తొడుక్కుంది. వారం నెలైంది. నెల ఎనిమిది నెలలైంది.

"ఎక్కడ తగిలింది? ఎంత తగిలింది?"

"కాలు అన్నారు. ఆపరేషన్ అన్నారు. నాకర్థమైంది అంతే."

ఆమె చెయ్యి కడుక్కోకుండానే లేచి, గోడకున్న కోటు అందుకుంది. ఆయన వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వెక్కడికి?"

"ఎక్కడికంటారేమిటి?"

"నేను వెళ్తాను. వాళ్ళు రమ్మంది భర్తని. నువ్వింట్లో ఉండు."

"దాని మీద కత్తి పెడుతుంటే నేనింట్లో కూర్చోవాలా?"

"నువ్వు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నావు. వింటున్నావా? మంచం మీద ఉన్నది నువ్వే. ఇంకో నువ్వు నడుచుకుంటూ వెళ్తే ఏమని చెప్పేది?"

 పాప గిన్నె తీసుకుని నేలకేసి కొడుతోంది. అన్నం మెతుకులు చాప మీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఇద్దరిలో ఎవరూ గిన్నె లాక్కోలేదు.

"పోయిన ఆదివారం ఏం చెప్పాను మీకు?" అంది.

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"గేటు దగ్గర మొహం చూసి తలుపు తీసే మిషన్ పెడుతున్నారట, అంతదాకా వద్దు, రేపట్నుంచే మానిపిద్దాం అన్నాను. మీరేమన్నారు? నెలాఖరు దాకా లాగిద్దాం అన్నారు."

"నేనొక్కణ్ణే అన్నానా? నీ చెల్లెలూ అంది."

"అది అంటుంది. దాన్నేమడిగినా ఊఁ అంటుంది. అందుకే కదా మనం దాన్ని అడిగింది."

ఆయన తలుపు మీంచి చెయ్యి తీశాడు. తీసి మళ్ళీ పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాడు. రెండు పూటలా డిపోలో బస్సులు కడుగుతాడు. ఆ పనికి కూడా ఆమె పర్మిట్టే ఆధారం. ఆయన మొహంలో ఉన్న భయం ఇవాళ పుట్టింది కాదు, ఎనిమిది నెలలుగా అన్నంలో కలుపుకుని తింటున్నదే.

"పోనీ, చెల్లెలిగా రా" అన్నాడు చివరికి. "అక్కకి దెబ్బ తగిలింది, చెల్లెలు చూడ్డానికొచ్చింది. అందులో ఎవరికీ అనుమానం రాదు."

"నా చెల్లెలిగా నేను."

"ఇంకో దారుంటే చెప్పు."

ఆమెకి తోచలేదు. పాపని ఎదురింటావిడ చేతిలో పెట్టారు. ఏమైందని ఆవిడ అడిగితే ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి, ఒకేసారి మూసుకున్నారు. "మా చుట్టాలావిడకి ఒంట్లో బాగోలేదు" అన్నాడు ఆయన, మెట్లు దిగుతూనే.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. పట్టపగలు కావడంతో బస్సు సగం ఖాళీగా ఉంది. ఎవరో ముసలాయన కూరగాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కునుకు తీస్తున్నాడు.

"దాని వీసా గడువు ఎప్పుడో అయిపోయింది. ఎవరైనా కాగితం చూపించమంటే?" అంది ఆమె.

"చూడ్డానికొచ్చినవాళ్ళని కాగితాలడగరు. నువ్వు మాత్రం తక్కువ మాట్లాడు. నన్ను ఏమండీ అనకు. బావా అను."

"అక్కడ ఎవరికి తెలుగొచ్చు?"

"రాకపోతే పోయింది. నోటికి అలవాటు పడితే మొహానికీ అలవాటు పడుతుంది."

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రెండు స్టాపులు గడిచాయి.

"మరదలైతే మిమ్మల్ని నాలుగు మాటలు అనొచ్చు. పెళ్ళాన్ని కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను" అంది.

"అను."

"ఇంటికెళ్ళాక అంటాను. ముగ్గురం ఇంటికెళ్ళాక."

ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేయబోయాడు. ఆమె చెయ్యి తీసి కోటు జేబులో పెట్టుకుంది. మరదలి చెయ్యి బావ అలా పట్టుకోకూడదు కదా అన్నట్టు చూసింది. ఆ చూపులో వేళాకోళం ఉందో కోపం ఉందో ఆయనకి తెలియలేదు.

పాప పుట్టింది ఈ ఆసుపత్రిలోనే. అదే పొడవాటి నడవా, గోడకి బిగించిన అవే ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆమె తల దించుకునే నడిచింది.

ఆపరేషన్ గదుల వైపు తలుపు ముందు గోదాం సూపర్‌వైజర్ కూర్చుని ఉంది. పెద్ద మనిషి, గట్టి మనిషి, ఒంటి మీద ఇంకా మెరిసే పసుప్పచ్చ కోటు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక్క బూటు. ఆవిడ ఈ గోదాంకి వచ్చి ఆర్నెల్లే అయింది, అసలు అక్కని ఎప్పుడూ చూడలేదు. అదొక్కటే అదృష్టం.

"మీరు భర్త. మీరు చెల్లెలు. చూడగానే తెలుస్తోంది, అచ్చు ఒకే మొహం" అంది ఆవిడ లేచి నిలబడి.

"ఎలా జరిగింది?" అన్నాడు ఆయన.

"మూడో అరలోంచి పెట్టె తీస్తోంది. పై అరలో పెట్టెని రాత్రి పనివాళ్ళెవరో సగం బయటికే పెట్టిపోయారు. ఇది లాగేసరికి అది జారి భుజం మీద పడింది. నిచ్చెన పక్కకి పోయింది. కాలు ర్యాక్ అంచుకి చీరుకుని..." ఆవిడ ఆగింది. "ఎముక బయటికి కనిపించింది. అయినా ఒక్కసారి కూడా అరవలేదు. స్కానర్ ఎక్కడ పడిందని అడిగింది."

"పదిహేడో వరసలోనా? ఆ కుంటి నిచ్చెనేనా?"

మాట జారాక గాని ఆమెకి తెలియలేదు. పదిహేడో వరసలో నిచ్చెనకి ఒక చక్రం తిరగదు. బ్రేకు వేసినా వెయ్యనట్టే. ఆ నిచ్చెన మీద రెండేళ్ళు ఎక్కి దిగింది తను.

సూపర్‌వైజర్ ఆమె వంక చూసింది. "మీకెలా తెలుసు?"

"అక్క చెప్పింది. ఇంటికొచ్చి అన్నీ చెబుతుంది."

"చెబుతుంది, అవును" అంది ఆవిడ నెమ్మదిగా కూర్చుంటూ. "మంచిది. చాలా మంచిది. దాన్ని పై అరల పనికి వేసింది నేనే. గంటకి నూట ముప్పై పెట్టెలు తీస్తుంది, గోదాంలో ఇంకెవరూ తీయలేరు. మిగతావాళ్ళు బిడ్డని కన్నాక నెమ్మదిస్తారు. దీని పాత లెక్కలు చూశాను, అప్పుడు తొంభైకి మించేది కాదు. ఆశ్చర్యం కదా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆమె నేల వంక చూసింది.

ఆ తొంభై తీయడానికే తన నడుం విరిగేది. లెక్క తగ్గిందని స్కానర్ మణికట్టు మీద కూసినప్పుడల్లా గుండె కూడా కూసేది. నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాలి, వెళ్తే లెక్క పడిపోతుందని గుక్కెడు నీళ్ళతో మధ్యాహ్నం దాకా ఉండేది. గోడ మీద బోర్డులో తన పేరు మొదటి వరసకి ఎక్కిందని పిచ్చుక ఇంటికొచ్చి చెప్పిన రోజు ముందు నవ్వొచ్చింది. తర్వాత, సిగ్గుపడాల్సిన మాటే గానీ, ఈర్ష్య కలిగింది. తన పేరే తనని దాటి వెళ్ళిపోయింది.

"సాయంత్రం నాలుగింటికి ఆఫీసు నుంచి ఒకాయన వస్తాడు" అంది సూపర్‌వైజర్. "ప్రమాదం జరిగితే రాసుకోవాలి కదా. కార్డు, ఫోటో, అన్నీ సరిచూసుకుని వెళ్తాడు. మీరు కంగారు పడకండి. అందరికీ చేసేదే."

గోడ గడియారంలో ఒంటిగంట దాటి పది నిమిషాలైంది.

ఒకాయన కాగితం తెచ్చాడు. భర్త సంతకం పెట్టాలన్నాడు. ఆయన కలం పట్టుకుని కాగితం మీద తన భార్య పేరు చదివాడు, పుట్టిన తేదీ చదివాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కన నిలబడ్డ భార్య వంక చూడకుండా సంతకం పెట్టాడు.

కాసేపటికి పిచ్చుకని చక్రాల మంచం మీద తీసుకొచ్చారు. మొహం తెల్లగా పాలిపోయింది. కాలి మీద గుడ్డ ఎత్తుగా కప్పి ఉంది. మత్తు సగం ఎక్కినట్టుంది, కళ్ళు వాలిపోతున్నాయి. అయినా వీళ్ళని చూసి పెదాలు కదిపింది.

"అక్కా."

సూపర్‌వైజర్ తల తిప్పింది. "ఆ మాట నాకు తెలుసు. తనే నేర్పింది. తనకంటే పెద్దదాన్నని నన్ను అలా పిలుస్తుంది. మరి చెల్లెల్ని ఎందుకలా పిలిచింది?"

"మావైపు ముద్దుకి అలా అంటారు. చిన్నవాళ్ళని కూడా" అన్నాడు ఆయన. చెమటలు పట్టిన నుదురు తుడుచుకున్నాడు.

 ఆవిడ వీళ్ళిద్దరి మీంచి చూపు తిప్పలేదు.

అక్క మంచం మీదికి వంగింది. పిచ్చుక గొంతు గుసగుసలాగే వచ్చింది.

"నీ పరువు తీయలేదక్కా. ఏమడిగినా నీ వివరాలే చెప్పాను. పుట్టిన తేదీ చెప్పాను. ఇదివరకు ఆపరేషన్ అయిందా అంటే అయిందన్నాను, కాన్పుకని. మందులేమైనా పడవా అని అడిగారు."

"ఏం చెప్పావు?"

"అన్నీ పడతాయన్నాను. నీకన్నీ పడతాయి కదా."

మంచం కదిలింది. ఆమె రెండడుగులు పట్టుకుని నడిచింది. పిచ్చుక కళ్ళు మూసుకునే, పాఠం అప్పజెప్పి కూర్చున్న పిల్లలాగా, చిన్నగా నవ్వింది. తలుపు రెక్కలు తెరుచుకుని మూసుకున్నాయి.

అక్క అక్కడే నిలబడిపోయింది.

పిచ్చుకకి తొమ్మిదేళ్ళప్పుడు కాలికి మేకు గుచ్చుకుంటే కాంపౌండర్ ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇంటికి నడిచి వచ్చేలోపే ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు లావెక్కాయి, ఊపిరి ఈలలాగా మోగింది. నాన్న భుజాన వేసుకుని పరిగెత్తాడు. వెనక తను చెప్పులు లేకుండా పరిగెత్తింది. బతికింది. "ఈ జాతి మందు ఈ పిల్లకి ఇంకెప్పుడూ ఇవ్వకండి. ఈసారి ఇంత టైం కూడా ఇవ్వదు" అని డాక్టర్ అమ్మకి చెబుతుంటే పక్కన నిలబడి విన్నది తనే. ఆ మందు పేరు అమ్మ క్యాలెండర్ వెనక రాసి పెట్టింది. ఏ ఇంటికి మారినా ఆ పేరు తను మర్చిపోలేదు.

కౌంటర్ దగ్గర నర్సు కంప్యూటర్ చూస్తోంది. నడి వయసు మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు.

"లోపలికెళ్ళిన అమ్మాయికి ఒక మందు పడదు" అంది అక్క, ఆ పేరు చెప్పి. "ఇస్తే ఊపిరాడదు. చిన్నప్పుడొకసారి అయింది."

నర్సు కీలు నొక్కింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. "పధ్నాలుగు నెలల కింద ఇక్కడే కాన్పు ఆపరేషన్ అయింది. అప్పుడు మూడు రోజులు అదే మందు ఇచ్చాం. ఏమీ కాలేదు."

"లేదు, పడదు. నాకు బాగా తెలుసు."

"ఇందాక ఆమెనే అడిగాను. అన్నీ పడతాయని తనే చెప్పింది. మీరు చెల్లెలు కదా? ఆ పడనిది మీకేమో? ఒకింటి పిల్లల విషయాలు ఒకళ్ళవి ఒకళ్ళకి కలిసిపోతుంటాయి, రోజూ చూస్తుంటాం."

"వేరే మందు ఇవ్వండి. ఇంకేదైనా."

"ఎముక బయటికొచ్చిన గాయం అమ్మా. మట్టి, ఇనుము తగిలాయి. దానికి మంచి మందు అదే. మీరు చెప్పారని డాక్టర్‌కి చెబుతాను. కానీ ఆయన మీ మాట చూస్తారా, ఈ రికార్డు చూస్తారా?"

ఆయన వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని రెండు కుర్చీల అవతలికి లాగాడు.

"ఏం చేస్తున్నావు?"

"మీరు విన్నారు కదా."

"చెబుతానంది కదా. చెబుతుంది. వాళ్ళు డాక్టర్లు, చూసుకుంటారు."

"వాళ్ళు నన్ను చూసుకుంటున్నారు. దాన్ని కాదు."

"నెమ్మదిగా మాట్లాడు."

"తెలుగే కదా మాట్లాడుతున్నాను."

"ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో తెలుసా? మనం ముగ్గురం ఇక్కణ్ణుంచి పోవడం ఒకెత్తు. దొంగ కార్డుతో పని చేయించారని కేసు పెడతారు. దాని మీద కూడా పెడతారు. కాలు విరిగినదాన్ని స్టేషన్ చుట్టూ తిప్పుతారు. పాప గురించి ఆలోచించు."

"కాలు విరిగినది బతికుంటే కదా తిప్పేది."

"అశుభం మాటలు మాట్లాడకు."

"నేను మాట్లాడకపోతేనే అశుభం."

ఆయన పట్టు వదల్లేదు.   ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం ఆమె పెళ్ళయ్యాక రెండోసారి చూడటం. మొదటిసారి పాప పుట్టినప్పుడు, ఈ నడవాలోనే.

"ఒక్క అయిదు నిమిషాలు ఆగు" అన్నాడు. "ఇంకేదైనా దారి ఆలోచిద్దాం."

"ఎనిమిది నెలల నుంచీ ఆగుతూనే ఉన్నాం కదండీ."

ఏమండీ అనే అంది. ఆయన వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

ఆమె కౌంటర్ దగ్గరికి తిరిగి వెళ్ళింది. సూపర్‌వైజర్ కూర్చున్న చోటు నుంచే చూస్తోంది.

"ఆ రికార్డు నాది" అంది. నర్సుకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది, ఇక్కడి భాషలో ఒక్కో మాట విడగొట్టి. "కాన్పు అయింది నాకు. ఆ మందు పడింది నాకు. కార్డు మీదున్న పేరు నాది. లోపల ఉన్నది నా చెల్లెలు. నా కార్డుతో పనికి వెళ్తోంది. మీరు అడిగినవన్నీ నా గురించి అడిగారనుకుని నా జవాబులు చెప్పింది."

నర్సు ఆమె మొహం వంకా, తెర వంకా, మళ్ళీ మొహం వంకా చూసింది. భయపడిన చుట్టాలు ఏమైనా అంటారని ఆవిడకి తెలుసు. ఆ సందేహం ఆవిడ కళ్ళలో కనిపించింది.

అక్క కోటు గుండీలు విప్పింది. చొక్కా అంచు ఎత్తి, నడుం దగ్గర పట్టీని రెండు వేళ్ళు కిందికి జరిపింది. కింది కడుపు మీద అడ్డంగా కుట్ల గీత, ఇంకా రంగు మారని గీత.

"ఆ పిల్లకి ఇది లేదు. వెళ్ళి చూడండి" అంది.

నర్సు లేవలేదు. ముందు ఫోన్ అందుకుంది. మీట నొక్కి, చెవికి ఆనించుకుని, ఆ మందు పేరు చెప్పింది. "మొదలుపెట్టారా?" అంది. విన్నది. "ఎంతసేపైంది?" అంది. మళ్ళీ విన్నది. "ఆపండి. ఆపి ముందు ఆ అమ్మాయి కడుపు చూడండి. మనం అనుకుంటున్న మనిషి కాదు."

ఫోన్ పెట్టలేదు, బల్ల మీద వదిలేసి లోపలికి పరిగెత్తింది. అంత వయసు మనిషి అలా పరిగెత్తడం చూసి అక్క బల్ల అంచు పట్టుకుంది. ఫోన్‌లోంచి ఎవరివో కేకలు, ఇనుప సామాను కదిలిన చప్పుడు వచ్చి, తెగిపోయాయి.

ఎంతసేపైందని చెప్పారో నర్సు చెప్పలేదు.

ఇంకో నర్సు వచ్చి కుర్చీలో కూర్చుంది. ఈమె కుర్రది. కొత్త కాగితం తీసింది.

"లోపల ఉన్నామె అసలు పేరు?"

అక్క చెప్పింది. ఎన్నాళ్ళకో ఆ పేరు నోట్లోంచి బయటికి వచ్చింది. నర్సు ఒక్కో అక్షరం అడిగి రాసుకుంది.

"సంతకం పెట్టినాయన ఎవరు? భర్త అని ఉంది."

అక్క వెనక్కి తిరగలేదు. ఆయన ఉన్నాడో, మెట్ల వైపు నడిచాడో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. 

"సంతకం నాదే" అన్న మాట పక్క నుంచి వినిపించింది. ఆయన వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. "నేను ఈమె భర్తని. ఆ అమ్మాయికి బావని. తెలిసే పెట్టాను. కావాలంటే ఇది కూడా రాసుకోండి, నెలాఖరు దాకా వెళ్ళమన్నది నేను."

నర్సు రాసుకుంది.

కుర్చీల దగ్గరికి తిరిగొచ్చేసరికి సూపర్‌వైజర్ నిలబడి ఉంది. బూటు ఉన్న సంచి రెండు చేతులతో పట్టుకుంది. ఆవిడ మొహంలో కోపం ఉంటుందనుకుంది అక్క. కోపం కాదు. లెక్క తప్పినవాళ్ళ మొహం.

"తొంభై మీరు" అంది ఆవిడ. "నూట ముప్పై తను."

"అవును."

"ఆర్నెల్లు నా కళ్ళ ముందు తిరిగింది. నాతో కలిసి అన్నం తింది. నేను ఒక్కసారి కూడా కార్డు వంక సరిగ్గా చూడలేదు. లెక్క బాగుంది కదా, చూడాల్సిన అవసరం రాలేదు."

"దాని తప్పేం లేదు. పంపింది మేము."

"తప్పెవరిదో నాలుగింటికి వచ్చేవాడు రాసుకుంటాడు. నన్ను కూడా అడుగుతాడు. ఆ నిచ్చెన చక్రం సంగతి నేను మూడుసార్లు పైకి రాశాను. ఆ కాగితాలు ఉన్నాయో లేవో. ఇప్పుడు మీ సంగతి బయటపడితే, ఆ అమ్మాయి అసలు అక్కడ లేనట్టే రాస్తారు. లేని మనిషికి దెబ్బ ఎలా తగులుతుంది?"

ఆ మాట అక్కకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అంటే పిచ్చుక కాలికి గోదాం వాళ్ళు పైసా కూడా ఇవ్వరు.

"మీరేం చెబుతారు ఆయనకి?" అన్నాడు ఆయన.

సూపర్‌వైజర్ కూర్చుని, సంచిలోంచి బూటు తీసి దాని తాళ్ళు ఒకసారి విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ సంచిలో పెట్టింది. గడియారం రెండుకి దగ్గరవుతోంది.

లోపలి వైపు ఎవరో గట్టిగా ఇంకెవరినో పిలిచారు. తెల్ల కోటు వేసుకున్న ఇద్దరు నడవా చివర నుంచి వచ్చి, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళారు. ఒకరి చేతిలో పెద్ద పెట్టె ఉంది. తలుపు రెక్కలు చాలాసేపు ఊగుతూనే ఉన్నాయి. ఆ ఊగే సందులోంచి అక్కకి వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు.

"పాపకి పాలు పట్టే టైమైంది" అన్నాడు ఆయన. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

ఆమె విననట్టే ఉంది. నుంచునే ఉంది. కూర్చుంటే లోపల ఏదో అయిపోతుందన్నట్టు, పాడైన ఆ నడుంతో, ఏ గోడకీ ఆనుకోకుండా నుంచుంది.

రెండూ పదికి తలుపు తెరుచుకుంది. డాక్టర్ బయటికొచ్చాడు. మూతి మీది గుడ్డ గడ్డం కిందికి లాక్కున్నాడు. ముగ్గురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"ఆ అమ్మాయి అక్క ఎవరు?"

"నేను" అంది ఆమె.

భర్త కూడా ముందుకు అడుగు వేశాడు. డాక్టర్ అరచెయ్యి చూపించి ఆపాడు.

"ఆమె ఒక్కరే."